ఎత్తి పోసుకున్న ఆస్ట్రేలియా వైన్

శిక్షణకు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు తాగడానికి జంకి, బట్టల మధ్య చుట్టి బాపట్ల దాకా మోసుకొచ్చిన ఎర్ర వైన్ సీసా ఈ సాయంత్రం తీశాను. రెండు రకాల ద్రాక్షలు కలిపి చేసిందనీ, గుక్కను నాలుక మీద నిలిపితే రెండు రుచులూ తెలుస్తాయనీ ఇంటికొచ్చిన నలుగురు చుట్టాలకూ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇంట్లో గాజు గ్లాసు ఒక్కటే ఉంది. పొన్నూరు బాబాయి ఎంగిలి కాకుండా దాన్ని పైకెత్తి గటగటా గొంతులో పోసుకున్నాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"ఏమోరా, నాలిక్కి తగిల్తేగా!"

మిగతా ముగ్గురూ అలాగే కానిచ్చారు. సీసా అడుగున మిగిలింది నా వంతుకొచ్చింది. నీరసంగా గ్లాసు అందుకుని, అలవాటు కొద్దీ నేనూ ఎత్తే పోసుకున్నాను.

దాని రుచి తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోండి.