అమ్మవారికి మా అత్త గొంతు

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో సినిమా చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. తొంగి చూస్తే, అందులో యముడు అచ్చం మా మార్కాపురం మనిషిలా మాట్లాడుతున్నాడు. దేవుళ్లకు మా మాట పట్టుబడడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ మాట కోసం మా మేనత్త ఒకప్పుడు గిద్దలూరు సినిమా హాల్లో చేసిన రభస గుర్తొచ్చి నాకూ నవ్వాగలేదు.

మమ్మల్ని కర్నూలు నుంచి తీసి కొత్తగా ప్రకాశం జిల్లాలో కలిపిన రోజులవి. నాయన చెల్లెలైన మా అత్తది మా ఊరి పలకలాంటి నలుపు. పెళ్లిచూపుల నాడు మొదలైన ఆ నలుపు మాట, ఆమె నడివయసుకొచ్చి, మామతో కలిసి బజారులో కొబ్బరికాయల దుకాణం నడిపే నాటికీ ఆగలేదు. లేతరంగులు నీకు నప్పవమ్మా అని జవళి దుకాణం ఆయన కూడా చెప్పేవాడు. అత్త పట్టుబట్టి లేత పసుపే కట్టేది.

ఆ ఏడు దోర్నాల దగ్గర ఒక సినిమా తీయడానికి మనుషులొచ్చారు. విచిత్రమైన కథ. దర్శనం క్యూలో ఒకాయన నిలబడ్డవాడు నిలబడ్డట్టే చచ్చిపోతాడు. వెనక జనం తోస్తుంటే శవం ముందుకు పోతూనే ఉంటుంది, తీర్థం కూడా పుచ్చుకుంటుంది. అది విని మా నాయనమ్మ చెంపలేసుకుని, తర్వాత ఏమవుతుందని అడిగింది. ఆ డైరెక్టరు కొబ్బరికాయల కోసం వచ్చి తొందరపెడితే, ఉండు నాయనా, దేవుడు యాడికన్నా పారిపోతాడా అన్నదట అత్త తలెత్తకుండానే. ఆయన కాయల సంగతి మరిచిపోయి, శవాన్ని పలకరించే అమ్మవారి వేషం వేస్తారా అని అడిగాడు. మామ ఏదో గొణిగాడు గాని, అత్త అప్పటికే కొప్పు సర్దుకుంటోంది.

షూటింగు నాడు మేకప్పు మనిషి అలవాటు కొద్దీ ఆమె మొహానికి గులాబీ రంగు పూశాడు. అత్త అద్దం చూసుకుని, నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి శుభ్రంగా కడిగేసుకుంది.

"గుళ్లో అమ్మవారిది నల్లరాయే గదా తమ్ముడూ. ఆమెకెవురు పౌడరు పూసినారు?"

డైరెక్టరు అట్లాగే కానిమ్మన్నాడు. ఇక సినిమా వచ్చేదాకా అత్తకు అదే ధ్యాస. తన మొహమూ తన మాటా ఉన్నది ఉన్నట్టే చూపిస్తారు గదా అని కనబడ్డ ప్రతివాళ్లనూ అడిగేది.

సినిమా గిద్దలూరుకొస్తే బంధువులమంతా రైలెక్కి పోయాం. తెర మీద అమ్మవారు ప్రత్యక్షమైంది. మొహం అత్తదే, నల్లగా నిగనిగలాడుతూ. నాయనమ్మ గబుక్కున దండం పెట్టి, కన్నకూతురికి దండమేమిటని చేతులు దించుకుంది. అంతలో మద్రాసులో ఎవరో కోస్తా ఆమె డబ్బింగు చెప్పిన గొంతు ఆ నోట్లోంచి తీయగా, "ఏమిటి నాయనా, మరణించిన తరువాత కూడా తొందరేనా?" అంది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న అత్త మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆమె లేచి నిలబడింది. హాలంతా వినబడేలా అంది.

"ఏంది నాయనా, సచ్చినాక గూడా తొందరేనా?"

ముందు నేల టికెట్టు వాళ్లు నవ్వారు, తర్వాత హాలు హాలంతా నవ్వింది. ఆ సీను ఉన్నంతసేపూ తెర మీద అమ్మవారు పెదవులు కదిపింది, హాల్లో అత్త మాట్లాడింది. గేటు మనిషి కోపంగా వచ్చి ఆమె మొహం మీద టార్చిలైటు వేసి, తెర వంక చూసి, లైటు ఆర్పుకుని వెళ్లిపోయాడు. రెండో ఆటకు కూడా ఉండమని జనం బతిమాలారు.

ఆ సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు. దాని రీలు కూడా ఎక్కడా మిగల్లేదంటారు. ఆ తీయటి గొంతు దాంతోపాటే పోయింది. అత్త పోయి చాలా కాలమైనా, ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లం ఎక్కడ కలిసినా ఆ మాటను ఆమె గొంతులోనే చెప్పుకుని నవ్వుకుంటాం. ఏది దాచాలో ఏది పారేయాలో కాలం మనల్ని అడిగి చేయదు గాని, ఈ ఒక్కసారి మాత్రం సరిగ్గానే ఎంచుకుంది.