కానుక సంచిలో బిళ్లలు

నేను పుట్టుపిరికిదాన్ని. పాస్టరు భార్యకు భయం ఉండకూడదని అందరూ అంటారు. అలా అనేవాళ్లను ఒక్క నెల మా ఇంట్లో ఉండి చూడమనాలనిపించేది. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో మేం గుంటూరు వైపు నుంచి అక్కడికి వచ్చాం. పాల్మాకుల పోయే దారిలో రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని మందిరం పెట్టాం. విమానం కిందుగా పోయినప్పుడల్లా రేకులు గడగడలాడేవి, వాటితోపాటు నా గుండె కూడా. మా ఆయన మాత్రం ప్రసంగం ఆపి, అది దాటిపోయాక, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. ఆయనకు దేవుడు భయం ఇవ్వడం మరిచిపోయి, ఆ వాటా కూడా నాకే ఇచ్చినట్టున్నాడు.

గేటు చప్పుడైతే భయం. ఆయన బండి రావడం కాస్త ఆలస్యమైతే భయం. షెడ్డు ఓనరు ముఖం మాడ్చుకుని కనిపిస్తే, రేపు ఖాళీ చెయ్యమంటాడేమోనని భయం. మా అమ్మ ఫోన్లో, "ఆ సేవలో ఏం సుఖముందే నీకు?" అని అడిగితే, "బాగానే ఉన్నామమ్మా" అని పెట్టేసేదాన్ని.

పాల్మాకుల రైతు ఒకాయన, భార్యతో కలిసి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చేవాడు. ఆయనకు మూర్ఛ జబ్బు. సీసాలో నీళ్లు తెచ్చి మా ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక ఇంటికి తీసుకుపోయి తాగేవాళ్లు. వాళ్లింట్లో దేవుళ్ల పటాలు ఎక్కడివక్కడే ఉండేవి. వాటి పక్కన మా దేవుడికి కూడా కాస్త చోటు ఇచ్చారు, అంతే. మా ఆయన వాళ్లను ఏనాడూ తొందరపెట్టలేదు.

ఆ రైతుకు ఒక అన్న ఉన్నాడు. ఒకరోజు మా గేటు దగ్గరికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, అక్కడే నిలబడి చెప్పాడు.

"మా తమ్మునికి జర ఏమన్న అయినా, ఈ షెడ్డు ఉండది, మీరూ ఉండరు. గిది యాది పెట్టుకోండ్రి."

"పాపం, తమ్ముడంటే ప్రాణం" అన్నారు మా ఆయన, అతను వెళ్లిపోయాక. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

మా మందిరంలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పే వేళ ఉండేది. దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్లు లేచి చెప్పుకోవాలి. ఒక ఆదివారం, విమానాశ్రయంలో ఊడ్చే పనికి పోయే ఆవిడ ఒకరు లేచి, తన తలనొప్పి ప్రార్థనతోనే పోయిందని, బిళ్లలు చెత్తబుట్టలో పారేశానని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు, ఆ వారం ఆరాధనకు కూడా వచ్చిన పాల్మాకుల రైతుతో సహా. ఆ తర్వాత కానుక సంచి తిరిగింది. నాకెందుకో ఆ మాట మింగుడుపడలేదు. దాని గురించి మా ఆయనతో మాట్లాడదామనుకునేలోపే, ఊళ్లో ఆయన పెదనాన్న పోయాడని కబురొచ్చింది. ఆయన బస్సెక్కారు.

సోమవారం పొద్దున కానుక సంచి దులిపాను. చిల్లర, నలిగిన నోట్లు, ఎవరో వేసిన మల్లెపూలు. వాటి మధ్యలో బిళ్లల పట్టీ ఒకటి. ఒక్క బిళ్ల కూడా తియ్యలేదు.

దాని మీద రాసింది నేను చదవక్కర్లేదు. మూర్ఛకు వేసే బిళ్లలవి. మా చిన్నాన్న వేసుకునేవాడు. ఒకసారి బాగున్నాను కదా అని మానేశాడు. కాలవగట్టు మీద సైకిల్ తొక్కుతూ ఉండగా మూర్ఛ వచ్చింది. శవం లాకుల దగ్గర దొరికింది. అప్పటికి నేను లంగాలు కట్టుకునే పిల్లని.

ఆ పట్టీ సంచిలోకి ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే అర్థమైంది. ఆ ఊళ్లలో మొక్కుకున్నప్పుడు ఏదో ఒకటి దేవుడి పేరు మీద విడిచిపెడతారు. ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు కల్లు మానేస్తారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ జబ్బున్న పాల్మాకుల రైతు బిళ్లలు మానేశాడు. మానేసినవి పారెయ్యడానికి మనసొప్పక, మర్యాదగా తెచ్చి దేవుడికి సమర్పించాడు.

మా ఆయనకు ఫోన్ చేస్తే కలవలేదు. మళ్లీ చేశాను. కలవలేదు. "అందరికీ ధైర్యం చెప్పే మనిషి నాకు అవసరమైనప్పుడే దొరకడు" అని గోడకు చెప్పుకున్నాను. రేపు ఆయన వచ్చాక చూద్దామా అనిపించింది. ఇంతలో చిన్నాన్న గుర్తొచ్చాడు. పట్టీని కొంగున ముడేసుకుని, పాల్మాకుల ఆటో ఎక్కాను. దారంతా ప్రార్థన చేశాను. అదేం పెద్ద ప్రార్థన కాదు. ఆ అన్న ఇంట్లో ఉండకుండా చూడు ప్రభువా అని.

వాళ్ల వాకిట్లో రైతు భార్య బియ్యం చెరుగుతోంది.

"ఆయన ఎక్కడమ్మా?"

"బాయికాడికి పోయిండు పాస్టరమ్మా. ఎందుకట్ల ఉరుక్కుంట వచ్చినవ్?"

బావి అనగానే ఇక ఆగలేదు. ఆవిడను వెంటబెట్టుకుని చేను గట్ల మీద దాదాపు పరిగెత్తాను. అది చుట్టూ గోడ లేని పాత దిగుడుబావి. ఆయన సరిగ్గా దాని అంచున నిలబడి, వంగి, మోటారు పైపు సరిచేస్తున్నాడు. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి పడతాడేమో. పిలవకపోతే ఈలోపే మూర్ఛ వస్తుందేమో. ఏం చెయ్యాలో తోచక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. చివరికి భార్యే మామూలుగా, "ఓ, ఇటు రా, అమ్మ వచ్చింది" అంది. ఆయన చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

నేను ముడి విప్పి పట్టీ చూపించాను. "ఇవి వేసుకోవాలి. ఇప్పుడే వేసుకోవాలి."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "దేవునికి ఇచ్చినంక మల్ల ఎట్ల తీసుకుంటనమ్మా? పాపం గాదా?"

"దేవుడు అడగలేదండీ వాటిని."

"అడగకపోయినా ఇచ్చిన గద."

మా ఆయనైతే ఏదో ఒక వాక్యం చూపించి ఉండేవారు. భయంలో నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. నోటికి వచ్చింది చెప్పాను. "ఆయన తీసుకున్నాడు. మీరు బాగుండాలని నాతో తిప్పి పంపించాడు."

రైతు ముఖం కాస్త తేటపడింది. "అంటే ప్రసాదం లెక్కనా?"

ఆ మాట మా సంఘ పెద్దల చెవిన పడితే నా పని ఏమవుతుందో తెలుసు. వెనక్కి చూస్తే బావి కనిపించింది. "అలాగే అనుకోండి" అన్నాను.

"ఏంది లొల్లి?" అని గొంతు వినపడింది. రైతు వాళ్ల అన్నే. మోటారు గది వెనక నుంచి వచ్చి నా చేతిలో పట్టీ చూశాడు. తమ్ముడి భార్య భయపడుతూ జరిగింది చెప్పింది. చెబుతున్నకొద్దీ అతని కళ్లు ఎర్రబడ్డాయి. ఇక కొడతాడనే అనుకున్నాను. అప్పుడు కూడా, తమ్ముడు బిళ్ల వేసుకున్నాక కొడితే బాగుండు అని మాత్రమే అనిపించింది. అంత పిరికిదాన్ని, ఆ ఆలోచన నాకెక్కడ నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అతను నా చేతిలోంచి పట్టీ గుంజుకున్నాడు. బిళ్ల ఒకటి నొక్కి తీశాడు. తమ్ముడు చెయ్యి చాపలేదు. "అమ్మ చేతికెల్లి అయితే తీసుకుంట" అన్నాడు, పంతం పట్టిన పిల్లాడిలా.

"రోజూ వస్తదా అమ్మ? నేనే ఇస్త" అన్నాడు అన్న. తర్వాత నా వైపు తిరిగాడు. "మీ దేవుని సంగతి నాకు ఎర్క లేదు. ఏమనుకుంట ఇయ్యాలె?"

"మీ మనసులో ఏముంటే అదే అనండి."

అతను బిళ్ల అరచేతిలో పెట్టుకున్నాడు. తమ్ముడు తల మీది తువ్వాలు తీసి, చేతులు రెండూ కలిపి దోసిలి పట్టాడు.

"బతుకురా తమ్మీ" అన్నాడు అన్న, బిళ్ల అందులో వేస్తూ.

భయం ఎక్కడికీ పోలేదు, కానీ అంత సంతోషం నేను ఏ ఆరాధనలోనూ ఎరగను. కళ్లమ్మట నీళ్లు కారిపోతుంటే, ఆ ప్రార్థనకు ఆమెన్ అన్నాను, గట్టిగా.