సూదత్తకి సూది పడిన రోజు

మా వీధి చివరి క్లినిక్‌లో ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు, ఫోను దగ్గర ఒక అమ్మాయి ఉంటారు. పెద్దవాళ్లని పెద్ద డాక్టరమ్మ చూస్తుంది, పిల్లల్ని ఆవిడ అల్లుడు చిన్న డాక్టరు చూస్తాడు. బీపీ, షుగరు, కట్లు, టీకాలు అన్నీ నర్సు గదిలోనే. ఆ నర్సుని పిల్లలు సూదత్త అంటారు. ఇప్పుడు పెద్ద డాక్టరమ్మ కూడా అలాగే పిలుస్తుంది, ఈవిడ కూడా హాయిగా పలుకుతుంది!

సూదత్త సూది వేస్తే నొప్పి తెలియదు. కిటుకేమిటంటే, వేసేముందు ఆవిడ మనతో తగువు పెట్టుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ మొండి పిల్లాడు "నీ జడ వంకర" అన్నాడట. "వంకర నీ పళ్లు!" అందట ఈవిడ. మాటా మాటా పెరిగింది. వాడు నోరు తెరిచి పళ్లు చూపిస్తుండగా ఈవిడ సూది వేసేసింది. వాడికి తెలియనే లేదు! ఇక అప్పట్నుంచీ అదే పద్ధతి.

నాతో అయితే, "మాస్టారూ, మా అబ్బాయికి లెక్కల్లో మార్కులు కావాలనే తగ్గించారు" అంటుంది. నేను బళ్లో చెప్పింది తెలుగు! "లెక్కలు నేనెప్పుడు చెప్పానమ్మా?" అని గొంతు పెంచేలోపు దూది అద్ది, "గట్టిగా పట్టుకోండి" అంటుంది. ప్రతిసారీ బోల్తా పడతాను.

ఇంతటి మనిషికీ ఒక భయం ఉంది. తను సూది వేయించుకోవడం! ఏటా సిబ్బందికి ఫ్లూ టీకా వేసే రోజున ఆవిడకి జలుబో నడుం నొప్పో వచ్చేస్తుంది. ఈసారి పెద్ద డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

"టీకా వేయించుకోకపోతే చలికాలమంతా ఫోను దగ్గరే కూర్చో. నీ గదికి వేరే నర్సుని పిలుస్తా."

సూదత్తకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ గదే ఆవిడ లోకం మరి.

ఆ ఉదయం నేనూ టీకాకే వెళ్లాను. తలుపు తీసే ఉంది. కుర్చీలో సూదత్త, ఎదురుగా సూదితో చిన్న డాక్టరు. ఆవిడ చెయ్యి చాపుతుంది, సూది దగ్గరికి రాగానే లాగేసుకుంటుంది.

"నాతో ఎవరైనా పోట్లాడండి బాబూ!" అని బతిమాలింది.

చిన్న డాక్టరు గొంతు సవరించుకుని, "మీరు... మీరు అంత మంచివారేం కాదు" అన్నాడు.

"పోండి సార్, మీకు తిట్టడం కూడా రాదు."

ఫోను అమ్మాయి ముందుకొచ్చింది. "అత్తా, నీ చెప్పులు బాలేవు!" అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది. "అయ్యో, ఉత్తిదే అత్తా. బాగున్నాయి."

సూదత్త కళ్లు తుడుచుకుంటూ లేవబోయింది. "నా వల్ల కాదు. ఫోను దగ్గరే కూర్చుంటాలెండి."

ఇక నా నోరు ఆగలేదు. "అదే మంచిది! ఈవిడ చెయ్యి మహా బరువు" అన్నాను.

సూదత్త మళ్లీ కూలబడింది.

"ఏంటి మాస్టారూ? ఏమన్నారు?"

"కిందటిసారి భుజం వాచిపోయింది. మా ఆవిడ కాపడం పెట్టింది."

"నా చెయ్యి బరువా? చంటిపిల్లలు సూది పడ్డాక కూడా నా ఒళ్లో నిద్రపోతారు, తెలుసా? ఎక్కడ వాచింది? చూపించండి! మీ ఆవిణ్ణి పిలవండి, ఇక్కడే తేల్చుకుందాం! డాక్టరుగారూ, మీరు కాస్త ఆగండి, ముందు ఈయన సంగతి చూడాలి!"

"ఆగక్కర్లేదండీ, అయిపోయింది" అన్నాడు చిన్న డాక్టరు దూది అద్దుతూ.

సూదత్త తన చెయ్యి చూసుకుంది. నన్ను చూసింది. ఫోను అమ్మాయి చప్పట్లు కొడుతూ గంతులేసింది. పెద్ద డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి, నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకుంది.

తర్వాత నా వంతు. చొక్కా చెయ్యి మడిచి తగువు కోసం కాచుకుని కూర్చున్నాను. ఆవిడ నోరు విప్పితేగా!

"ఏమ్మా, ఇవాళ మార్కుల గొడవ లేదా?"

"మీతో నాకు తగువేంటి మాస్టారూ? మీరు దేవుడు" అంటూ తీరిగ్గా, నవ్వుతూ పొడిచింది.

అమ్మో! చురుక్కుమంది!

"చెయ్యి బరువేనా?" అంది.

"దూదికంటే తేలిక తల్లీ!" అన్నాను భుజం రుద్దుకుంటూ.