ఎంత పడ్డది సాలమన్

ధర తెలియని వస్తువు కంటబడితే సాలమన్‌కు అన్నం సయించదు. ఎదురొచ్చిన మనిషి చేతిలో సంచి ఉంటే అందులో ఏముందని అడగడు, ఎంత పడిందని అడుగుతాడు. చెప్పులు, పిల్లల స్కూలు ఫీజు, పంటికి వేయించుకున్న తొడుగు, దేన్నీ వదలడు. పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు కొనుగోళ్ల గుమాస్తాగా చేసిన మనిషి. దూది కొన్నా స్ట్రెచర్ కొన్నా మూడు కొటేషన్లు చూడనిదే సంతకం పెట్టలేదు. రిటైరయ్యాక తను కొనేదేమీ లేక ఊరందరి కొనుగోళ్ల మీద పడ్డాడు. మధురానగర్‌లో ‘ఎంత పడ్డది సాలమన్’ ఇల్లెక్కడంటే ఆటోవాళ్లు కూడా చెబుతారు.

ఆ ఇంటి మేడ మీద వాటాలో చంద్రిక, ఆమె భర్త విజయేందర్ అద్దెకుండేవారు. సాలమన్‌ని చూస్తే చంద్రికకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చేది. ఆ తర్వాత భయం పట్టుకుంది.

నవ్వొచ్చిన రోజుల్లో ఆయన మేనకోడలు ఇవాంజెలిన్ పెళ్లికి చంద్రికను కూడా పిలిచారు. ఫొటో కోసం అందరూ స్టేజి మీద నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. సాలమన్ పెళ్లికూతురి చెవి దగ్గరికి వంగాడు.

“గౌను కొన్నరా, కిరాయా?”

“కొన్నం మామయ్యా.”

“ఎంత పడ్డది?”

“ఇరవై రెండు వేలు.”

“ఇరవై రెండా! మళ్ల ఎప్పుడు తొడుగుతవ్ బిడ్డా దీన్ని? కిరాయికైతే నాలుగు వేలే గదా!”

ఆల్బమ్‌లో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. అందరూ నవ్వుతున్నారు. పెళ్లికూతురు గౌను అంచు చూసుకుంటోంది. పెళ్లికొడుకు పైకి చూస్తూ ఏదో తీసివేత చేస్తున్నాడు.

ఇంకోసారి చర్చి స్నేహితుడు మోసెస్‌కు గుండెలో స్టెంటు వేస్తే చూడ్డానికి వెళ్లాడు. భార్య తబితా దారి పొడవునా ఒట్టు పెట్టించుకుంది, నోరు తెరవనని. మంచం పక్కన రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు.

“మోసెస్, స్టెంటు ఎంత పడ్డది?”

మోసెస్ నీరసంగా అంకె చెప్పాడు.

“ఒక్కటే ఏపిచ్చుకున్నవా?”

“ఒక్కటే.”

“గందుకే. రెండైతే తగ్గిస్తుండె.”

మోసెస్ మంచం పక్కనున్న యంత్రం కీచుమంది. నర్సు వచ్చి సాలమన్‌ని బయటికి పంపింది. బయట తబితా అంది, “ఇంటికి పోదాం పా. నీకు నోరు ఇచ్చిన దేవుడు తాళం ఎందుకియ్యలేదో.”

ఇలాంటి మనిషి ఇంటి మెట్లెక్కి దిగాల్సిన చంద్రిక నెత్తిన, ఎవరికీ చెప్పుకోలేని ఒక అంకె ఉంది.

విజయేందర్ పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది. అమీర్‌పేటలో ‘ఉద్యోగం గ్యారంటీ’ అని బ్యానర్ కట్టిన చోట సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాడు. ఫీజు తొంభై ఐదు వేలు. డయాగ్నొస్టిక్ సెంటర్‌లో రిసెప్షనిస్టుగా చేసే చంద్రికకు రెండు క్రెడిట్ కార్డులుండేవి. ఒకటి గీకింది. కోర్సు అయిపోయేలోగా బ్యానర్ పోయింది, తర్వాత ఇన్‌స్టిట్యూట్ పోయింది. ఇప్పుడా గదిలో జుట్టు మొలిపించే క్లినిక్ నడుస్తోంది, అక్కడా గ్యారంటీయే. ఉద్యోగం మాత్రం రాలేదు. ఉన్న బంగారం ముందే కుదువకు పోయి, విడిపించలేక అక్కడే ఉండిపోయింది. ఇంటి సరుకులకు రెండో కార్డు గీకింది. రెండూ కలిపి రెండు లక్షల నలభై వేలయ్యాయి.

నెలనెలా ‘కనీసం కట్టాల్సింది’ అని వచ్చే పన్నెండు వేలు వేళ తప్పకుండా కట్టేది. కడుతున్నాను కదా, తగ్గుతుందనుకునేది. అందులో పది వేలకు పైగా వడ్డీకి, ఆ వడ్డీ మీద వేసిన పన్నుకు పోతోంది. కట్టాక చేతిలో డబ్బుండదు కాబట్టి బియ్యానికి మళ్లీ కార్డే. రెండేళ్లు కట్టింది. అప్పు కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

తక్కువ వడ్డీకి లోను తీసుకుని కార్డులు తీర్చేద్దామని పంజాగుట్టలో తన బ్యాంకుకే వెళ్లింది. వివేక్ అనే కుర్ర ఆఫీసరు టై సర్దుకుని కంప్యూటర్ చూశాడు.

“సారీ మేడమ్. సిస్టమ్ రిజెక్ట్ చేసిందండి. మీ క్రెడిట్ స్కోరు తక్కువగా ఉంది.”

“ఎందుకు తక్కువున్నది?”

“కార్డు బాకీ ఎక్కువుందండి.”

“గది కట్టనీకే గదా లోన్ అడుగుతున్న?”

“కరెక్టేనండి. ముందు బాకీ కట్టేయండి. స్కోరు పెరుగుతుంది. అప్పుడు లోన్ ఇచ్చేస్తాం.”

“అప్పుడు నాకెందుకు లోన్?”

వివేక్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. “అది సిస్టమ్ అడగదండి” అన్నాడు.

ఇంకో రెండు బ్యాంకులు కూడా అదే మాట అన్నాయి. మూడోది కాదన్న రోజు సాయంత్రం మెట్రోలో నిలబడి ఉండగా ఆమె ఫోన్ మోగింది. మొదటి బ్యాంకు నుంచి మెసేజ్: ‘అభినందనలు! మీ కార్డు పరిమితి యాభై వేలు పెంచాం.’ లోను ఇవ్వడానికి పనికిరాని మనిషి, కార్డు గీకడానికి బాగానే పనికొస్తుందన్నమాట. చంద్రికకు నవ్వొచ్చింది. పక్కనున్న ఆవిడ కొంచెం జరిగి నిలబడింది.

అప్పటి నుంచి సాలమన్ అంటే భయం. ఆయన నోటి నుంచి ‘ఎంత’ అన్న మాట వస్తే ఆ అంకె నోరు జారుతుందేమోనని, చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగేది. అయినా దొరికిపోయేది.

“చంద్రికా, టమాటలెంత?”

“ముప్పై, అంకుల్.”

“అబద్ధం. బజార్ల ఇరవై నాలుగు. ఏమైంది బిడ్డా, రేటు సుత చూస్తలేవ్?”

ఒక నెల ఆ పన్నెండు వేలు కూడా కట్టలేకపోయింది. ఒకరోజు బ్యాంకు వసూళ్లవాళ్లు ఆమె పనిచేసే చోటికే ఫోన్ చేశారు. రక్తపరీక్షకు వచ్చిన ఆరుగురి ముందు మేనేజరు ఫోన్ అందించాడు, ఇంకోసారి ఇలా కావద్దన్నాడు. ఇంటికొచ్చేసరికి మెట్ల దగ్గర సాలమన్ కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆమె ఫోన్ మళ్లీ మోగింది. కట్ చేసింది. మళ్లీ మోగింది.

“ఎవరు బిడ్డా? ఎంతనంట?”

“రెండు లక్షల నలభై వేలు!” చంద్రిక అరిచేసింది. “చాలా అంకుల్? ఇంకేమన్న రేటు కావాల్నా? నా పుస్తెలతాడు ఎంతకు పోయిందో చెప్పాల్నా? చెప్త, రాస్కో!”

తబితా లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. “ఓ ముసలోడా, ఇయ్యాల ఎవర్ని ఏడిపిచ్చినవ్?”

చంద్రిక మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తుంటే ఒకటి తట్టింది. రెండేళ్లలో బాగున్నావా అని అందరూ అడిగారు. అట్లున్నవేందని అక్క అడిగింది. ఎంత అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నోరు దాటి బయటపడ్డాక ఆ అంకె, లోపలున్నప్పుడు కనిపించినంత పెద్దగా లేదు.

సాలమన్ అయ్యో అనలేదు. కళ్లజోడు తెచ్చుకున్నాడు.

“వడ్డీ ఎంత?”

“తెల్వదు.”

“రెండేండ్లు అప్పు కొన్నవ్, రేటు తెల్వదా?” ఈసారి మాత్రం ఆయన నిజంగా బాధపడ్డాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక రెండు కార్డుల కాగితాలు మంచం మీద పరిచాడు. పెద్ద కార్డు లక్షా అరవై వేలు, ఏడాదికి నలభై ఐదు శాతం. చిన్నది ఎనభై వేలు, నలభై రెండు శాతం. కత్తెర తెచ్చి విజయేందర్ చేతికిచ్చాడు, కార్డులు వాడే దారి లేకుండా చేయమన్నాడు. తర్వాత చంద్రిక చేత పెద్ద కార్డు బ్యాంకుకు ఫోన్ చేయించాడు. ఉన్న బాకీని తక్కువ వడ్డీకి వాయిదాల కింద మార్చమని అడగాలి.

“మీ కార్డుపై ఆ ఆఫర్ లేదు మేడమ్” అంది అవతలి అమ్మాయి.

“మొదటి మాటకు ఏ సప్లయరూ తగ్గడు,” సాలమన్ గుసగుసలాడాడు. “లేచి పోతున్నట్టు చెయ్యి.”

“ఫోన్ల లేచిపోవుడెట్ల అంకుల్?”

“ఏం మాట్లాడకు. గంతే.”

ఆ రోజు కుదరలేదు. మర్నాడూ కుదరలేదు. ఫోన్ ఎత్తిన ప్రతి మనిషికీ చంద్రిక అదే చెప్పింది: ఎగ్గొట్టను, కడతాను, ఈ వడ్డీకి మాత్రం నా జీతం చాలదు. పదిహేడో ఫోనుకు ఒకావిడ ఇరవై నాలుగు శాతమంది. సాలమన్ వేలు పెదవుల మీద పెట్టాడు. చంద్రిక ఊపిరి బిగపట్టింది.

“మేడమ్, లైన్లో ఉన్నారా?”

ఉలుకూ పలుకూ లేదు.

“మేడమ్... పై వాళ్లని అడిగి చూస్తాను. పద్దెనిమిది. ఇరవై నాలుగు నెలలు. అంతకంటే కుదరదు.”

సాలమన్ తల ఊపాడు. లోపల తబితా “స్తోత్రం” అంది. నెలకు ఎనిమిది వేల చిల్లర వాయిదా పడింది. చిన్న కార్డువాళ్లు ఎంత మౌనానికీ లొంగలేదు. అందుకని మిగిలిన ప్రతి రూపాయీ దాని మీదే పడాలని సాలమన్ తేల్చాడు.

రూపాయి మిగలాలంటే ఇంట్లోకి ఇంకో జీతం రావాలి. సాలమన్ వారం రోజులు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా కొట్టుకొట్టుకూ ఎక్కి, “మీ దగ్గర మనిషికి నెలకెంత ఇస్తరు?” అని అడిగాడు. ఇద్దరు ఆదాయపన్నువాడనుకుని షట్టర్ దించారు. చివరికి ఒక సర్జికల్ సామాను దుకాణంలో స్టోరు చూసుకునే పని దొరికింది, పదహారు వేలకు. సాఫ్ట్‌వేర్ నేర్చిన విజయేందర్ గ్లౌజు పెట్టెలు లెక్కపెట్టడానికి పోయాడు. మొదటి నెల రోజూ ముఖం మాడ్చుకునే వచ్చేవాడు.

చంద్రిక అద్దె ఐదొందలు తగ్గించమని అడిగింది.

“గదెట్ల బిడ్డా? మూడిండ్లు అడిగొచ్చిన. అందరు తొమ్మిదిన్నర తీస్కుంటున్నరు. నేను తొమ్మిదే.”

ఒక్క రూపాయి తగ్గించలేదు. సలహాలు ఇవ్వడానికి ఖర్చేముందిలే అని చంద్రిక మనసులో కసిగా అనుకుంది. వాషింగ్ మెషీన్ అమ్మేయమన్నదీ ఆయనే. సెకండ్‌హ్యాండ్ సామాన్ల బుచ్చయ్య నాలుగు వేలకు పైసా ఎక్కువివ్వనన్నాడు. “నేను మాట్లాడొస్త” అని సాలమన్ వెళ్లాడు. సాయంత్రానికి బుచ్చయ్య వచ్చి తొమ్మిది వేలు లెక్కపెట్టి ఇచ్చి, మెషీన్ ఆటోలో వేసుకుపోయాడు. అబ్బ, ఏం బేరం చేశాడనుకుంది. ఆ రోజు నుంచి రెండేళ్లు చేత్తోనే బట్టలుతికింది. ప్రతి బకెట్‌కూ బ్యాంకునొకసారి, సాలమన్‌నొకసారి తిట్టుకుంది.

చిన్న కార్డు పదకొండు నెలలకు తీరింది. పెద్దది ఈ ఏడు జూన్‌లో ఆఖరి వాయిదాతో ముగిసింది. వారం తిరక్కుండా వివేక్ ఫోన్ చేశాడు.

“మేడమ్, మీ స్కోరు అద్భుతంగా ఉందండి! పదకొండున్నరకే మూడు లక్షల లోన్ రెడీ.”

“ఇల్లు కాలినప్పుడు బిందెడు నీళ్లడిగితే లేవంటిరి తమ్ముడూ. ఇప్పుడు ట్యాంకర్ తెస్తిరా?” అని పెట్టేసింది.

మొదటి నెల మిగిలిన డబ్బు పట్టుకుని బుచ్చయ్య దుకాణానికి వెళ్లింది, వాషింగ్ మెషీన్ కొనడానికి. బుచ్చయ్య గుర్తుపట్టాడు.

“గా సాలమన్ సార్ ఇంటి మీద ఉంటరు గదా అక్కా? ఆయన గిట్ల వస్తలేడు గద?” అని వీధిలోకి తొంగిచూశాడు.

“గంత భయమెందుకన్నా? ఆ రోజు తొమ్మిది వేలు పెట్టించిండనా?”

“నేనెక్కడ పెట్టిన అక్కా? గా మెషీన్‌కు తొమ్మిది ఎవడిస్తడు?” బుచ్చయ్య గొంతు తగ్గించాడు. “నేను నాలుగంటే ఆయన రెండు గంటలు కూసుండి నాలుగు వేల రెండొందలు చేసిండు. ఇగ అయిపోయిందనుకున్న. జేబుల నుంచి నాలుగు వేల ఎనిమిదొందలు తీసి, గివి కలిపి ఇయ్యి, నా పేరు చెప్పకు అన్నడు. ఇరవై ఏండ్లసంది దుకాణం నడుపుతున్న. కిందికి బేరం చేసెటోళ్లను చూసిన గని, పైకి చేసెటోన్ని గాయన్నొక్కన్నే చూసిన.”

చంద్రిక పక్కనున్న పాత కూలర్ మీద కూర్చుండిపోయింది. సలహాలకు ఖర్చేముందని తను రెండేళ్లు బట్టలతో పాటు ఉతికిన మనిషి, అద్దె తప్ప ఇంకో ఆదాయం లేని మనిషి చేసిన పని అది.

“ఆ రోజు ఆటో కిరాయి నూట యాభై సుత నా మీదనే ఏసిండు,” బుచ్చయ్య గోడు వెళ్లబోసుకున్నాడు. “గది నువ్వియ్యి అక్కా, నీ సామానే గదా.”

చంద్రిక కళ్లు తుడుచుకుని లేచింది.

“నూట యాభయ్యా? ఈడికెళ్లి మధురానగర్‌కు నూట యాభై ఏ ఆటోవాడు తీస్కుంటడు? వంద.”

“అక్కా, పెద్ద మెషీన్...”

“ఎనభై. ముందు గీ మెషీన్ ఎంతనో చెప్పు.”

“ఆరున్నర.”

“దీనికి బిల్లున్నదా? మోటరెప్పుడు మార్చినవ్? పక్క దుకాణంల ఐదుకిస్తమన్నరు.”

ముక్కాలుగంట తర్వాత మెషీన్ నాలుగు వేల తొమ్మిదొందలకు ఖాయమైంది, ఇంటి దాకా ఆటో కిరాయి బుచ్చయ్యదే. అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అనుమానంగా చూశాడు.

“నిజం చెప్పక్కా. నువ్వు గాయన బిడ్డవా?”

“కాదన్నా,” అంది చంద్రిక. “పైన కిరాయికుంటం.”