డబ్బా మామ్మ తలుపు తట్టినప్పుడు

ఆ అయిదంతస్తుల బిల్డింగ్‌లో తలుపు మీద మూడు దెబ్బలు పడితే ఎవరూ "ఎవరది?" అని అడిగేవారు కాదు. "ఎవరు పోయారు?" అని అడిగేవారు. రెండు దెబ్బలు వెంటవెంటనే పడేవి, కాస్త ఆగి మూడోది. ఆ ఆగిన క్షణంలో లోపలివాళ్ళు ఇంట్లో తలలు లెక్కపెట్టుకునేవారు. లెక్క సరిపోయాకే గడియ తీసేవారు. గుమ్మంలో ఒక పొట్టి మనిషి, ఆవిడ చేతిలో బిస్కెట్ల డబ్బా కనిపించేవి.

ఎదురుగా అందరూ మామ్మగారూ అనేవారు, వెనక డబ్బా మామ్మ అనేవారు. యమధర్మరాజుగారు ఈ పేటలో బ్రాంచి తెరిచి, జీతం భత్యం లేకుండా ఈవిణ్ణి గుమాస్తాగా వేసుకున్నారని మొదటి అంతస్తులోని కండక్టర్ తాత అంటుండేవాడు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. "జీతం లేకపోతేనేం, తారీఖులు ముందే తెలుస్తాయి. నీది చెప్పమంటావా?" అని అడిగింది. తాత నెల్లాళ్ళు మెట్ల మీద ఆవిడకి ఎదురుపడలేదు.

ఆవిడ ఈ ఊరికి ఇరవై నాలుగేళ్ళ వయసులో మొగుడితో, చంటిపిల్లతో, ఒక పెట్టెతో, సూదులూ గుండీలూ వేసుకున్న ఆ డబ్బాతో వచ్చింది. మూడో నెలలో మొగుడు పరంజా మీంచి పడి పోయాడు. ఎవరిని అడగాలో తెలియదు, ఏ భాషలో అడగాలో అసలే తెలియదు. మున్సిపాలిటీవాళ్ళు ఆయన్ని దిక్కులేనివాళ్ళ వరసలో పూడ్చి, ఆవిడ చేతిలో ఒక చీటీ పెట్టారు: నాలుగువందల పదిహేడు. "ఆ వరస ఎక్కడండీ" అని తప్పుల్లేకుండా అడగడం నేర్చుకునేసరికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఆ నేలని చదును చేసి బస్సుల షెడ్డు కట్టేశారు.

తర్వాత ఆస్పత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేసింది. బిల్డింగ్‌లో మొదటిసారి ఒక చావు వచ్చినప్పుడు డబ్బాలోని గుండీలు బల్ల మీద బోర్లించి, చిరిగిన ఆస్పత్రి కంబళి ముక్కని అడుగున పరిచి, చందా కోసం పక్కింటి తలుపు తట్టింది. అది మొదలు దిక్కులేనివాళ్ళ వరసలోకి ఈ బిల్డింగ్‌నుంచి ఒక్కరు కూడా వెళ్ళలేదు.

డబ్బాకి ఒక రాజ్యాంగం ఉండేది. అధికరణం ఒకటి: ఎవరెంత వేశారో ఎవరికీ తెలియకూడదు. కంబళి ముక్క ఉన్నది అందుకే, అందులో ఏది పడినా చప్పుడు కాదు. అధికరణం రెండు: ఏడ్చే చేత్తో అడగకూడదు. చావు జరిగిన ఇంటివాళ్ళు డబ్బా పట్టకూడదన్నమాట. మొదటి అధికరణాన్ని కొందరు మహానుభావులు తమకి అనుకూలంగా అన్వయించుకుని చొక్కా గుండీలు వేసేవారు. ఆవిడ పల్లెత్తు మాట అనేది కాదు. తర్వాత ఎప్పుడో మెట్ల మీద ఆపి, "ఉండు నాయనా, గుండీ ఊడినట్టుందే" అని ఎవరి గుండీ వాళ్ళకే కుట్టిపెట్టేది. కండక్టర్ తాత పొడుగు కోటుకి అలా ఆరుసార్లు కుట్టింది.

సోమవారం పొద్దున ఆవిడ ఆస్పత్రిలో పోయింది.

దగ్గరున్నది మనవరాలొక్కతే. చిన్నప్పుడే తల్లి పోతే అమ్మమ్మ చేతుల్లో పెరిగి, ఇప్పుడు రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తోంది. శుక్రవారం సాయంత్రం నాలుగు దాకా శవాన్ని ఉంచుతామనీ, ఆ తర్వాత మున్సిపాలిటీకి అప్పగిస్తామనీ ఆస్పత్రివాళ్ళు మర్యాదగానే చెప్పారు. అంటే ఆ వరస, ఆ చీటీ. కిందటి వారమే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని అంది: "నన్ను ఆ వరసలో వెయ్యనివ్వకే. వెతుక్కునే ఓపిక నీకు లేదు."

అంత్యక్రియల కంపెనీ గుమాస్తా వెన్నలాంటి గొంతుతో పెట్టెలన్నీ చూపించాడు.

"తొందరేం లేదమ్మా. ఇదిగో, ఇది వెల్వెట్‌ది. లోపల చాలా సుఖంగా ఉంటుంది."

"ఎవరు చెప్పారండీ?"

గుమాస్తా గోడ గడియారం వైపు చూసి, మామూలు చెక్క పెట్టె ధర చెప్పాడు. దాచుకున్నదీ, ఫ్యాక్టరీలో ముందుగా అడిగి తెచ్చుకున్న జీతమూ కలిపినా అందులో సగమే వచ్చింది.

మంగళవారం, బుధవారం ఆమె ఎదురుచూసింది. ఎవరో ఒకరు వచ్చి బల్ల మీది డబ్బా తీసుకుంటారని ఆశ. పక్కింటి కుట్టుమిషన్ అత్త ఫ్లాస్కుతో టీ తెచ్చింది. కూర్చుంది, డబ్బాని చూసింది, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

"ఇక మీదట దాన్ని ఎవరు పట్టుకుంటారే?"

"మీరు పట్టుకుంటారా అత్తా?"

"నాకు మోకాళ్ళు కదమ్మా, మెట్లెక్కలేను" అని అత్త లేచింది. రోజూ నాలుగో అంతస్తుకి నీళ్ళ క్యాన్లు మోసుకొచ్చే మనిషి.

డబ్బాని ఒకసారి పట్టుకుంటే ఇక వదిలించుకోలేమని అందరికీ తెలుసు. ఆవిడ యాభై ఏళ్ళు పట్టుకుంది.

గురువారం మధ్యాహ్నానికి మనవరాలు రెండో అధికరణాన్ని ఉల్లంఘించడానికి నిశ్చయించుకుంది. డబ్బా చంకన పెట్టుకుని అత్త తలుపు తట్టింది. చెయ్యి చిన్నప్పటినుంచీ వింటున్నదే చేసింది. రెండు దెబ్బలు వేసి, ఆగి, మూడోది వేసింది.

లోపల కుట్టుమిషన్ ఆగిపోయింది. గడియ కదల్లేదు.

పక్క వాటాలో రేడియో గొంతు నొక్కేశారు. ఆ పై వాటాలో నవ్వుతున్న పిల్ల నోటికి ఎవరిదో చెయ్యి అడ్డం పడింది. మూడో అంతస్తుకి దిగేసరికి ఆమె తట్టకముందే తలుపులు చప్పుడు మానేస్తున్నాయి. చివరికి ఒక తలుపు కింది సందులోంచి వణుకుతున్న మగ గొంతు వినయంగా పలికింది:

"మామ్మగారూ, మీరు పోయారు కదండీ!"

"నేనండీ, మామ్మ కాదు" అంది ఆమె. గొంతు కూడా అచ్చం అమ్మమ్మదే. లోపల గొలుసు కూడా వేశారు.

ఆమెకి అప్పుడు తెలిసింది. వీళ్ళు డబ్బు ఇవ్వననడం లేదు. చచ్చిన మనిషి తన చందా తానే వసూలు చేసుకుంటోందని అనుకుంటున్నారు. రేపు నాలుగింటికి ఈ తలుపులన్నీ మూసే ఉంటాయి, అమ్మమ్మ చీటీగా మారిపోతుంది.

మొదటి అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఇంజను మోతలకి కండక్టర్ తాతకి ఒక చెవి ఏనాడో పోయింది. తట్టినది ఎవరైనా ఒకటే ఆయనకి.

"ఎవరు పో..." అని ఆగి, ఆమె మొహం చూశాడు. "ఏడ్చే చేత్తో అడగకూడదని చెప్పలేదా మీ అమ్మమ్మ? ఇటివ్వు."

"మీరా తాతా?"

"ఏం, గుండీలు వేసేవాడు డబ్బా పట్టకూడదా?" కోటు తగిలించుకుంటూ గొంతు తగ్గించాడు. "ఆ షెడ్డులోనే ముప్పై ఏళ్ళు బస్సెక్కాను. కింద ఎవరున్నారో మొన్న చలికాలం చెప్పింది మీ అమ్మమ్మ. అన్నేళ్ళూ ఒక్క ముక్క అనలేదు. నా కోటు మాత్రం కుట్టింది."

ఆయన తలుపులు తట్టలేదు. మెట్ల మొదట్లో నిలబడి, ఊపిరి పీల్చుకుని, పాతకాలపు గొంతు విప్పాడు.

"టికెట్! టికెట్! ఎక్కినవాళ్ళంతా తీసుకోవాలి! దిగేటప్పుడు అడిగితే నేను వినను!"

ఆ కేకకి దెయ్యమైనా పక్కకి తప్పుకోవలసిందే. గొలుసులు జారాయి, గడియలు తీశారు. అయిదంతస్తుల్లోనూ చేతులు బయటికి వచ్చి డబ్బాలోకి దూరాయి. కంబళి మీద చప్పుడు లేదు. "మిషన్ మోతలో వినపళ్ళేదు తాతా" అంది కుట్టుమిషన్ అత్త, ఎవరూ అడక్కుండానే.

శుక్రవారం గుమాస్తా డబ్బా బోర్లించి లెక్కపెట్టాడు. ఆమె దగ్గరున్న సగంతో కలిపి చెక్క పెట్టెకి సరిపోయింది. ఈసారి గుండీ ఒక్కటే వచ్చింది.

"ఇది చెల్లదమ్మా" అని పక్కకి తోశాడు. ఆమె జేబులో వేసుకుంది.

రెండున్నరకల్లా అమ్మమ్మ మట్టిలోకి చేరింది, తన పేరు రాసిన రాయి కిందకి. బిల్డింగ్ అంతా నిలబడింది. గాలికి తాత కోటు ఒకచోట తెరుచుకుని కొట్టుకుంటోంది. గేటు దగ్గర ఆయన డబ్బాని ఆమె చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో. నా స్టేజీ దగ్గరికొస్తోంది."

"నేనా?"

"మీ ఇంట్లో ఏడుపు అయిపోయిందిగా."

ఎనిమిదో రోజు ఆమె సూదీ దారం తీసుకుని మొదటి అంతస్తుకి దిగింది. ఒక్కసారే తడదామనుకుంది. చెయ్యి మూడుసార్లు తట్టింది.

లోపల దగ్గు ఆగింది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు తాతా. మీ గుండీ తెచ్చాను."

గడియ తీశాడు. మొహం కాదు, ముందు ఆమె చేతులు చూశాడు. ఒక చేతిలో సూది, ఒక చేతిలో గుండీ. అప్పుడు ఊపిరి వదిలి కోటు విప్పి ఇచ్చాడు.

"గట్టిగా కుట్టు" అన్నాడు. మళ్ళీ దగ్గు తెర వచ్చింది. "అట్టే కాలం అక్కర్లేదనుకో."

దారం పంటితో కొరికి ఆమె పైకి బయల్దేరింది. ఆ మూడు దెబ్బలూ మెట్ల వెంట పైదాకా పాకినట్టున్నాయి. ఆమె దాటుతున్న ఒక్కొక్క తలుపు వెనకా మాటలు ఆగిపోతున్నాయి. లోపల తలలు లెక్కపెట్టుకుంటున్నారు.