ఎలుకల గదిలో కాక

మొన్న మంగళవారం పొద్దున్నే లక్సెట్టిపేట నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, బాపు పోయిండు. నిద్రలనే పోయిండు" అంది ఫోన్‌లో ఆయన కూతురు. ఆ బాపు నాకు చుట్టం కాదు. కరీంనగర్ శివారులో మా క్యాన్సర్ ల్యాబ్‌లో ఎలుకలను చూసుకునే పెద్దాయన. అందరం కాక అనేవాళ్లం. నేను డాక్టరేట్ తెచ్చుకున్నది ఆ ల్యాబ్‌లోనే. కాక నేర్పింది మా గైడు నేర్పినదానికి ఏమాత్రం తక్కువ కాదు. ఈ మాట గైడు ముందే చాలాసార్లు అన్నాను, ఆయనా కాదనలేదు.

కాక ఆసిఫాబాద్ వైపు పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. బర్రెలను పట్టిన చేతులు ఎలుకలను ఏం పడతాయని మొదట్లో నవ్వుకున్నాం. ఎలుకను ముట్టుకునే ముందు ఆయన అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేవారు. "సల్లటి చెయ్యి తాకితె ఉలిక్కిపడ్తది, పాపం" అనేవారు. ఆయనను ఒక్క ఎలుక కరవగా నేను చూడలేదు. నన్ను మాత్రం వారానికోసారి కరిచేవి.

మేం చేసే పని ఇదీ. బతికున్న ఎలుక వీపు చర్మంలో చిన్న గాజు కిటికీ అమర్చి, దాని కింద పెరిగే గడ్డను మైక్రోస్కోపులో చూస్తాం. ఎలుకకు మత్తిచ్చి, తోక నరంలోకి మెరిసే రంగు ఎక్కిస్తే గడ్డ చుట్టూ ఉన్న రక్తనాళాలు తెర మీద వెలుగుతాయి. నేను గడ్డ మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంటే కాక వెనక నుంచి, "గడ్డనొక్కదాన్నే సూస్తె ఏం సమజైతది బిడ్డా? దాని సుట్టుముట్టు సూడు. అదేం తిని బతుకుతున్నదో ఎరుకైతది" అనేవారు. దవాఖానలో ఉన్నప్పుడు కూడా రోగమొచ్చిన బర్రె కంటే ముందు దాని కొట్టం చూసేవారట.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మూడో ఏడాది, ఒక కొత్త మందు ఇచ్చిన ఎలుకల్లో గడ్డ చుట్టూ నాళాలు దాదాపు మాయమయ్యాయి. మందు గడ్డకు రక్తం ఆపేసిందని ఎగిరి గంతేశాను. సోమవారం గైడుకు చూపించి పేపరు రాసేయడమే తరువాయి. శనివారం చివరి ఎలుకను మైక్రోస్కోపు కింద నుంచి తీసిన కాక, దాన్ని అరచేతిలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయారు.

"బిడ్డా, ఇది సల్లగున్నది. కింద వెచ్చటి పలక ఏది?"

మత్తులో ఎలుక ఒళ్లు చల్లబడుతుంది కనుక కింద వెచ్చటి పలక పెడతాం. దాని వైరు అడ్డమొచ్చి తెర మీద బొమ్మ కదులుతోందని, మందు ఎలుకల వంతు వచ్చేసరికి నేనే తీసేశాను. పది నిమిషాలకు ఏమవుతుందిలే అనుకున్నాను.

"సలికి నరాలు ముడుసుకుంటయి. సలికాలం పొద్దుగాల బర్రెకు సూది ఎయ్యబోతె నరమే దొరకకపోతుండె. జరసేపు ఎండల నిలవెడితె దొరుకుతుండె."

"ఇవి నీ బర్రెలు కావు కాకా" అన్నాను, అందరి ముందూ. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

ఆయన ఎలుకను బోనులో పెట్టి, పైన గుడ్డ కప్పి వెళ్లారు. సోమవారం నా కంటే ముందే వచ్చి, పలకను తుడిచి మైక్రోస్కోపు కింద అమర్చి, వైరు కదలకుండా బల్లకు టేపు అంటించి కూర్చున్నారు.

"ఒక్కసారి వెచ్చగ జేసి సూడు. నీ మందు మంచిదైతె వేడికి ఎందుకు భయపడ్తది?"

చూశాను. ఎలుక ఒళ్లు వెచ్చబడేకొద్దీ ఒక్కో నాళం వెలుగుతూ వచ్చి తెరంతా నిండింది. మందు చేసింది ఏమీ లేదు, చేసిందంతా చలి. అక్కడే ఏడ్చేశాను. కాక స్టూలు జరుపుకుని పక్కన కూర్చున్నారు. "ఫికర్ జెయ్యకు. తప్పు నీకే దొరికింది, బయటి మందికి దొరకలే. పోయి సారుకు నువ్వే చెప్పు" అన్నారు. దొరికింది ఎవరికో మా ఇద్దరికీ తెలుసు. వెళ్లి చెప్పాను. డాక్టరేట్ ఏడాది ఆలస్యమైంది.

శనివారం అన్న మాటకు క్షమించమని అడగబోతే పూర్తిగా అననివ్వలేదు. "ఇన్నేండ్లల్ల ఒక్క ఎలుక కరవలే, నువ్వు కరిసినవ్" అని కడుపుబ్బ నవ్వారు.

ఇవాళ నా బొమ్మల మీద ఎవరు ఎన్ని ప్రశ్నలు వేసినా నాకు బెదురు లేదు. ఎలుక ఒంటి వేడి ఎంతో రాయకుండా నా విద్యార్థులెవరూ ఒక్క బొమ్మ కూడా భద్రపరచరు. ఎందుకు మేడమ్ అంటే కాక సంగతి, నా సంగతి దాచకుండా చెబుతాను. ఆయన నాకు మిగిల్చిన ధైర్యం ఇదే.

నేను లక్సెట్టిపేట చేరేసరికి కాకను ఇంటి ముందు పడుకోబెట్టారు. చుట్టాలు జరిగి దారిచ్చారు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకోబోయాను. పట్టుకోబోయి, ఆగి, నా అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకున్నాను.