కప్పులో సగ్గుబియ్యం గింజ

1997 జులైలో నన్ను ఛాతీ వార్డుకి మార్చారు. రాజమండ్రిలో ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి అది, పేరు అనవసరం. నా హోదా అసిస్టెంటు ఫిజీషియన్. అంటే పైన సూపరింటెండెంటు గారు, కింద సిస్టర్లు, ఎవరికి కోపం వచ్చినా మధ్యలో తగిలేది నాకు. అంతకు ముందు ఏడాది సెలవు పెట్టి మద్రాసు వెళ్లి ఆక్యుపంక్చర్ కోర్సు చేసి వచ్చాను. వెంట్రుకంత సన్నటి సూదులు ఒంటి మీద నిర్ణీత స్థానాల్లో గుచ్చి ఇరవై నిమిషాలు ఉంచుతారు. మందు ఏమీ ఎక్కించరు. నడుం నొప్పి ఉన్నవాళ్లు సూదులు వేయించుకుని హాయిగా ఉందంటూ లేచి వెళ్లడం నేనే చూశాను. శ్వాసనాళాల్లో పేరుకున్న కఫాన్ని కూడా సూది కదిలిస్తుందని మా గురువుగారు చెప్పారు. నేను నమ్మాను. ఎంతగా అంటే, క్యాంటీన్లో ఎవరైనా దాని మీద జోకు వేస్తే సగం టీ వదిలేసి లేచి వచ్చేదాన్ని.

మా సూపరింటెండెంటు గారిది మెత్తటి మాట, గట్టి నిర్ణయం. వార్డు చివర సామాన్ల గది ఖాళీ చేయించి నాకిచ్చారు, ఒక షరతు మీద. సూదుల వల్ల కఫం ఎక్కువగా బయటికి వస్తోందని నెల రోజుల్లో కొలిచి చూపించాలి. చూపిస్తే ఆ గది నాది, సూది వైద్యం వార్డులో ఉంటుంది. లేకపోతే గది మళ్లీ బకెట్లకీ స్టాండ్లకీ పోతుంది. "మీరు చెబితే చాలదండి, కప్పు చెప్పాలి" అన్నారు.

కప్పు అంటే కఫం కప్పు. ఛాతీ వార్డులో ప్రతి మంచం పక్కనా మూతతో ఒకటి ఉంటుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి తొమ్మిది గంటల దాకా రోగి దగ్గి తీసిందంతా అందులో ఉమ్మాలి. సిస్టర్ దాన్ని గీతలున్న గాజు గ్లాసులోకి ఒంపి, ఎన్ని గీతలు వచ్చిందో కేసు షీటులో రాస్తుంది. వినడానికి రోతగా ఉంటుంది గానీ, ఎక్స్‌రేలో కనపడని సంగతులు ఆ గ్లాసులో కనపడతాయి.

నేను ఎంచుకున్న రోగి వీర్రాజు గారు. ధవళేశ్వరం దగ్గర కాలవ లాకు మీద లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, రాతి మీది గీతలు చూసి నీటిమట్టం పుస్తకంలో రాయడం ఆయన పని. బ్రాంకియెక్టాసిస్ అనే జబ్బు ఉండేది. శ్వాసనాళాలు అక్కడక్కడ సాగి సంచుల్లా అయిపోతాయి, కఫం వాటిలో చేరి కదలదు. నిలవ ఉంటే చీము పడుతుంది, జ్వరం వస్తుంది, ఊపిరితిత్తి పాడవుతుంది. దానికి మందులతో పాటు వాలు చికిత్స చేస్తాం. మంచానికి కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తి, తల పల్లానికి ఉండేలా రోగిని బోర్లా పడుకోబెట్టి, గుల్లగా వంచిన అరచేత్తో వీపు మీద తడతాం. కఫం జారి గొంతులోకి వస్తుంది. వీర్రాజు గారికి అది బొత్తిగా గిట్టేది కాదు. "కాలవకి వాలు పెట్టినట్టు నాకు పెట్టేరేంటండి" అని రోజూ గొణిగేవారు.

మొదటి వారం వాలు చికిత్స మాత్రమే. రెండో వారం దానికి తోడు రోజూ పొద్దున్న ఏడింటికి సూదులు. వీపు మీద వెన్నుకి అటూ ఇటూ, మణికట్టు పైన, మోకాలికీ చీలమండకీ నడిమధ్య కాలి బయటి వైపు. ఆ చివరిదే కఫానికి ముఖ్యమైన స్థానం. "రొమ్ములో కఫానికి కాల్లో సూదాండి?" అని అడిగారాయన. అడిగి, మళ్లీ తానే నొచ్చుకుని, "మీకు తెలీదేంటండి, వెయ్యండి" అన్నారు.

సూది సరైన చోట పడితే అక్కడ జివ్వుమని బరువెక్కినట్టు ఉంటుంది. అందుకని ప్రతి సూదికీ అడగాలి. నేను అడిగేదాన్ని, ఆయన "ఆయ్, బ్రహ్మాండంగా జివ్వుమందండి" అనేవారు. ఒకరోజు స్పిరిట్ దూదితో తుడుస్తుంటేనే అనేశారు, సూది ఇంకా నా చేతిలోనే ఉంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆలోచించాల్సింది అక్కడే. ఆలోచించలేదు.

మొదటి వారమంతా కప్పులో రెండు గీతలు. సూదులు మొదలెట్టాక కూడా రెండు రోజులు రెండే గీతలు. నా మొహంలో ఏదీ దాగదు. గ్లాసు చూసి, పక్క మంచం మనిషి మీద అకారణంగా విసుక్కుని వెళ్లిపోయాను. మూడో రోజు మూడు గీతలు. ఐదో రోజు నాలుగు. నా కాళ్లు నేల మీద ఆగలేదు. సూపరింటెండెంటు గారికి నాలుగు పేజీల రిపోర్టు రాసేశాను. అంతటితో ఆగినా బాగుండేది. సూదులు ఇంత పని చేస్తుంటే ఈ పెద్దమనిషిని తలకిందులు చేయడం దేనికని, సోమవారం నుంచి ఇటుకలు తీసేయమని కేసు షీటులో ఆర్డరు రాశాను.

వార్డు ఇన్‌ఛార్జి సుగుణ సిస్టర్. నేను మెడికల్ కాలేజీలో చేరక ముందు నుంచీ ఛాతీ వార్డులో ఉన్న మనిషి. శనివారం పొద్దున్న ఆవిడ నన్ను డ్రెస్సింగు గదిలోకి పిలిచి గాజు గ్లాసు వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నారు. అడుగున తెల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఒక గింజ.

"ఏంటి సిస్టర్ అది?"

"సగ్గుబియ్యం అండి. ఇన్నేళ్లలో సగ్గుబియ్యం దగ్గిన మనిషిని నేను చూళ్లేదు డాక్టరు గారూ."

వీర్రాజు గారి భార్య రోజూ ఎనిమిదింటికి గిన్నెలో సగ్గుబియ్యం జావ తెచ్చేది. నేను మంచం దగ్గరికి వెళ్లి, ఎంత తగ్గించుకుందామన్నా తగ్గని గొంతుతో, జావ కప్పులో ఎందుకు పోశారని అడిగాను. ఆయన బుకాయించలేదు. దుప్పటి సర్దుకుంటూ నేల చూపులు చూశారు.

"మీరు పొద్దున్నే వచ్చి, అంత ఓపిగ్గా సూదులేత్తన్నారండి. కప్పు చూసి మొహం చిన్నబుచ్చుకుని ఎల్లిపోతన్నారు. నాకు మనసొప్పలేదండి. కాసింత కలిపితే ఏం పోయింది అనుకున్నానండి."

నాకు కోపం ముంచుకొచ్చింది. "లాకు దగ్గర నీటిమట్టం కూడా ఇలాగే రాస్తారా?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఆయనకి కోపం రావడం చూడటం అదే మొదటిసారి. "అదేం మాటండి డాక్టరమ్మగారూ. అంగుళం తేడా రాత్తే కింద చేలు మునిగిపోవాండి? ఎంతటోరు చెప్పినా రాయలేదండి."

"మీరు పోసిన జావ చూసి నేను మీ మంచం కింద ఇటుకలు తీయించేస్తున్నాను. సోమవారం నుంచి మునిగేది మీ ఊపిరితిత్తులే."

ఆయన మంచం కిందకి తొంగి చూసి, "అయితే ఉంచెయ్యండి" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆర్డరు కొట్టేసి సంతకం పెట్టాను. విషయం తెలిసింది మా ముగ్గురికే. సుగుణ సిస్టర్ చెప్పే మనిషి కాదు. రిపోర్టు వెనక్కి తీసుకోకపోతే గది నాది. సూపరింటెండెంటు గారి గది తలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చానని ఒప్పుకుంటాను. మూడోసారి లోపలికి వెళ్లి అంతా చెప్పాను. సగ్గుబియ్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లజోడు తీసి, ఆ ముక్క మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వు అయ్యాక కాగితం తీసుకుని కొత్త పద్ధతి రాశారు. కప్పు పోసి కొలిచేదాకా జావ గిన్నె వార్డులోకి రాకూడదు. సూదులు రోజు విడిచి రోజు. సూది వేసే డాక్టరు కప్పు చూడకూడదు, దాని గురించి రోగితో మాట్లాడకూడదు. కొలిచేది సుగుణ సిస్టర్ ఒక్కరే, కాగితం నేరుగా ఆయనకే.

రెండు వారాల తర్వాత ఆ కాగితం నా ముందు పెట్టారు. సూది వేసిన రోజులూ వేయని రోజులూ పక్కపక్కన ఉన్నాయి. అన్నీ రెండు గీతలే, ఎప్పుడైనా ఒక అర గీత అటూ ఇటూ. సూది వేసిన రోజు రొమ్ము తేలిగ్గా ఉంటుందని వీర్రాజు గారు అన్నట్టు సిస్టర్ కింద రాశారు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఒక్క రోగిని చూసి సూది పనికిరాదని అనలేను. పనికొస్తుందని అసలే అనలేను. మాట ప్రకారం గది ఖాళీ చేశాను. నడుం నొప్పుల వాళ్లకి వారానికి రెండు పూటలు ఔట్‌పేషెంటు విభాగంలో బల్ల ఇచ్చారు. వీర్రాజు గారు ఇంట్లో మంచానికి ఇటుకలు పెట్టుకోవడం నేర్చుకుని, జ్వరం లేకుండా డ్యూటీకి వెళ్లారు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. రోగికి డాక్టరు మీద ఎంత అభిమానం ఉంటే, ఆ డాక్టరుకి అతను చెప్పే జవాబు అంత తక్కువ పనికొస్తుంది. తర్వాత పదిహేడేళ్ల సర్వీసులో, నా వైద్యం పనిచేసిందా అని నా రోగిని నేను ఎప్పుడూ అడగలేదు. సిస్టర్ని పంపి అడిగించేదాన్ని, నేను వార్డులో లేని వేళ చూసి.